ఏటా రెండు సంచుల ఆకులు

నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ అంటుంది. మా అక్క అంటుంది. పార్కులో నాతోపాటు ముప్ఫై ఏళ్ళు తోటపని చేసినవాళ్ళూ అదే అంటారు. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే నిజమే అయ్యుంటుంది. కానీ ఈ కథ చెబుతున్నంతసేపూ ఓపిక పడతాను. ఎందుకంటే ఇందులో తప్పంతా నాది, గొప్పంతా మా అక్కది.

అక్క నీళ్ళ సరఫరా ఆఫీసు ల్యాబులో పనిచేసింది. పెద్ద చదువులేం లేవు. సీసాలు కడిగే పనిలో చేరి, ఆ సీసాల్లోని నీళ్ళలో ఏముందో చెప్పేదాకా వెళ్ళింది. రిటైరైన వారానికి, ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి కూర్చుంది.

"ఒరేయ్, కార్ఖానా స్థలం అడిగాను. ఇస్తామన్నారు."

"ఏ కార్ఖానా?"

"మనకి తెలిసినవి ఎన్నున్నాయేంట్రా? ప్లేటింగ్ కార్ఖానా."

"ఎందుకూ? దయ్యాలకి ట్యూషన్ చెబుతావా?"

"చెట్లు పెడతాను. నువ్వూ రావాలి."

మా నాన్న పనిచేసింది ఆ కార్ఖానాలోనే. బోల్టులకీ నట్లకీ తుప్పు పట్టకుండా పూత వేసేవాళ్ళు. పూత వేశాక కడిగిన నీళ్ళు నలభై ఏళ్ళపాటు వెనకాల నేల మీదికి వదిలేశారు. ఆ నీళ్ళలో కాడ్మియం అనే విషలోహం ఉండేదని అప్పట్లో మాకెవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పలేదు. కార్ఖానా వెనక క్వార్టర్సులో మేముండేవాళ్ళం. మా ఇంటి పెరట్లో అమ్మ కూరగాయల మడి ఉండేది. తర్వాత కార్ఖానా మూతపడింది, క్వార్టర్సు పడగొట్టారు, చుట్టూ గోడ కట్టి గేటుకి తాళం వేశారు. అమ్మ మడి ఆ గోడ లోపలే ఉండిపోయింది.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. యాభై రెండో ఏట వంటింట్లో కింద గిన్నె తీయబోయి వంగింది. నడుం విరిగింది. జారలేదు, పడలేదు, వంగింది అంతే. ఎముకలు గుల్లబారాయన్నారు. కిడ్నీలు పోయాయన్నారు. ఎందుకని అడిగితే డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. మంచం మీద నాలుగేళ్ళు నరకం అనుభవించి పోయింది. ఆమె పోయిన పద్దెనిమిదేళ్ళకి అక్క ఒకరోజు గోడ కింద చెయ్యి దూర్చి, ఆ మడిలోంచి గుప్పెడు మట్టి తీసుకెళ్ళి ల్యాబులో పరీక్ష చేసుకుంది. మర్నాడు మా ఇంటికొచ్చి చెప్పింది, అమ్మని ఆ మడే తినేసిందని. మరి మనమూ అదే కూర తిన్నాం కదా అన్నాను. "అమ్మ తిన్నన్నేళ్ళు మనం తినలేదురా" అంది.

కాబట్టి అక్క చెట్లు పెడతానంటే నేను వేళాకోళమైతే ఆడాను గానీ, రానని మాత్రం అనలేదు.

"విల్లో అని ఒక చెట్టుందిరా. నీళ్ళంటే పడిచస్తుంది. నీళ్ళతోపాటు కాడ్మియాన్నీ తాగేసి కొమ్మల్లో, ఆకుల్లో పెట్టుకుంటుంది. మనం కొమ్మలు నరికి, ఆకులు ఏరి తీసుకెళ్ళిపోతే విషం కూడా వెళ్ళిపోయినట్టే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పదేళ్ళు."

"ఎంత తగ్గుతుంది?"

"కిలో మట్టికి మూడు మిల్లీగ్రాముల దగ్గరుంది. రెండు లోపుకి రావాలి."

"ఒక్క మిల్లీగ్రాముకి పదేళ్ళా! నువ్వంటే రిటైరయ్యావు సరే, ఆ చెట్లకి కూడా వేరే పని లేదా?"

అక్క నవ్వలేదు. నా జోకులకి నవ్వకపోవడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటే.

ఆ స్థలం పట్టణ ఇంజినీరు చేతిలో ఉంది. అతను చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది, ఒంటికాలి మీద లేచేవాణ్ణి. సన్నగా, శుభ్రంగా, జేబులో రెండు పెన్నులతో ఉంటాడు. షరతు కాగితం మీద రాసిచ్చాడు. స్థలంలో పది చోట్ల గుర్తు పెట్టి, మట్టి పరీక్షకి తీయాల్సిన పది గుంటలు ఇవే అన్నాడు. పదో ఏట ఆ పది గుంటల మట్టీ రెండు లోపుకి దిగితే గోడ పడగొట్టి, పక్కనున్న బడికి ఆటస్థలంగా ఇస్తారు. ఒక్క గుంట దిగకపోయినా చెట్లు కొట్టేసి, నేలంతా అడుగు మందాన కాంక్రీటు పోసేస్తారు. ఆ బడి పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటారు. లారీ వచ్చినప్పుడల్లా ఆట ఆపి గోడకి అతుక్కుని నిలబడతారు. ఆ సంగతి ఇంజినీరుకీ తెలుసు.

"ఒక మాటండీ" అన్నాడు సంతకం పెడుతూ. "తగ్గినా చెట్ల వల్లే తగ్గిందని ఏంటి నమ్మకం? వానకి కరిగి కిందికి దిగిపోయి ఉండొచ్చు. అలాగైతే విషం పోయినట్టు కాదు, బావుల్లోకి చేరినట్టు. అప్పుడు కూడా నేను కాంక్రీటే పోయించాలి."

అక్క "మంచి ప్రశ్న" అంది. నేనైతే పళ్ళు నూరాను. ఆ ప్రశ్న అతను పదేళ్ళూ అడిగాడు, ఏడాదికొకసారి, మర్యాదగా.

ఆ పదేళ్ళు అక్క చేసిన చాకిరీ చూడాలి! మొదటి ఏడాది ఆరు వందల విల్లో పుల్లలు, ఒక్కొక్కటీ జానెడున్నర, నేలలో గుచ్చాం. వీధిలో జనం గేటు దగ్గర నిలబడి నవ్వారు. మట్టి మేడమ్ అని పేరు పెట్టారు. రెండో ఏడాదికి ఆ పుల్లలు నా నెత్తి దాటాయి. మూడో ఏడాది శీతాకాలంలో మొదలంటా కొట్టేస్తే, మళ్ళీ వేసవికల్లా ఒక్కో మొదట్లోంచి పదేసి కొమ్మలు లేచాయి. కొట్టిన కొమ్మల్ని మూత ఉన్న లారీలో బట్టీకి పంపేవాళ్ళం. పొగ బయటికి పోకుండా జల్లెడలున్న బట్టీ అది. మిగిలిన బూడిద పీపాల్లో పెట్టి సీలు వేసేవాళ్ళు. ఇన్నేళ్ళ బూడిద కలిపితే మా వంటింట్లో పట్టేంత. అక్క ఆ పీపాల వైపు చూసినప్పుడల్లా మొహం వెలిగిపోయేది.

ఇక మట్టి పరీక్ష. గొట్టం దించి మట్టి తీయాలి, ఆరబెట్టాలి, జల్లించాలి. అక్క ముందుగదిలో కుర్చీలన్నీ బయట పెట్టేసి నేలంతా తెల్లగుడ్డలు పరిచి వాటి మీద మట్టి ఆరబోసేది. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడే మాట్లాడాలి. మొదటి ఏడాది మట్టి జల్లించడానికి మా ఇంట్లోంచి కొత్త పిండి జల్లెడ ఎత్తుకుపోయింది. మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు, మొన్న కూడా అడిగింది. ఒకసారి పది గుంటల మట్టీ తీసి, ఆరబెట్టి, పొట్లాలు కట్టాక, అక్క చేతిలోని గరిటెని ఎండలోకి పట్టి చూసింది. దాని మీద జింకు పూత ఉంది. జింకులో కాడ్మియం కాస్త కలిసి ఉంటుందట. నాలుగు రోజుల పని, పది పొట్లాలూ, అక్కడికక్కడే అవతల పారబోసింది.

"కొంచెమే అంటి ఉంటుంది లేవే, ఎవరికి తెలుస్తుంది!" అన్నాను.

"నాకు తెలుస్తుందిగా" అని గొట్టం భుజాన వేసుకుని మళ్ళీ బయల్దేరింది. అప్పటికే ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. గుంట దగ్గర కూర్చోవడానికి ఒక నిమిషం, లేవడానికి రెండు నిమిషాలు పట్టేది. నేను చెయ్యి ఇస్తే విసుక్కునేది. ఇలాంటి మనిషి కడుపున పుట్టకపోయినా, ఆవిడ వెనక పుట్టినందుకు నాకు గర్వంగా ఉండేది. పైకి మాత్రం అనలేదు.

మట్టి అక్కది. ఆకులు నావి. పని మొదటి రోజే అలా పంచుకున్నాం.

"ఆకు రాలి నేల మీద పడిందంటే, చెట్టు తాగిందంతా మళ్ళీ మట్టికి ఇచ్చేసినట్టే" అని చెప్పింది అక్క. "ఒక్క ఆకు కూడా కింద ఉండకూడదు." అందుకని ఆకు పండకముందే వరసల కింద వలలు కట్టేవాణ్ణి. పండిన ఆకుల్ని చేత్తో దూసేవాణ్ణి. సంచులు నింపి, తూచి, బట్టీ లారీ ఎక్కించేవాణ్ణి. గాలికి పక్క వరసలోకి ఎగిరిన ఆకు వెంట కూడా పరిగెత్తిన రోజులున్నాయి. బడిపిల్లలు గేటు ఊచల్లోంచి చూసి "తాతా, అటు! అటు!" అని అరిచేవాళ్ళు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

మూడో ఏడాది ఏడో గుంట దగ్గర చెట్టు ఎదగలేదు. మిగిలినవి నెత్తి దాటితే ఇది నా నడుం దగ్గరే ఆగిపోయింది. ఆకు పసుప్పచ్చగా, చివర్లు మాడిపోయి ఉంది. ఏడో గుంట ఎక్కడో కాదు, అమ్మ మడి ఉన్నచోటే. ముప్ఫై ఏళ్ళు పార్కులో జబ్బు చేసిన చెట్టు కనిపిస్తే నేనేం చేశానో అదే చేశాను. ఆకు ఎరువు పెట్టాను.

అది నాకు అమ్మ నేర్పిందే. నేను ఆరేళ్ళవాణ్ణి. పెరట్లో ఆకులు ఊడ్చి కుప్ప చేసి నిప్పు పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "వాటి తిండి వాటికి పెట్టరా, తగలెట్టకు" అని కుప్పని తోసుకెళ్ళి చెట్టు మొదట్లో సర్దింది. నేను తోటమాలినయ్యింది ఆ రోజే అనుకుంటాను.

ఏటా రెండే సంచులు. గేటు వైపు వరస ఆకులు పక్కకి తీసి, పనిముట్ల షెడ్డు వెనక గోతిలో కుళ్ళబెట్టి, చలి తగ్గాక ఏడో గుంట చెట్టు చుట్టూ వేసి పైన మట్టి కప్పేవాణ్ణి. గేటు వైపు మట్టి అన్నిటికంటే ముందు తగ్గింది కాబట్టి ఆ ఆకులు మంచివే అనుకున్నాను. తప్పు చేస్తున్నానని ఒక్కనాడూ అనిపించలేదు. అక్క దగ్గర దాస్తున్నానని కూడా అనిపించలేదు. చెప్పలేదు, అంతే. చెట్టు మాత్రం చూస్తుండగానే కోలుకుంది. ఆరో ఏటికి స్థలంలో దానికంటే పొడుగు చెట్టు లేదు. నేను దాని పక్కన నిలబడి మీసం దువ్వుకున్నాను.

పదో ఏడాది ఫలితాలు వచ్చిన రోజు నేను అక్క ఇంటి ముందుగదిలోకి వెళ్ళేసరికి ఆవిడ తెల్లగుడ్డల మధ్య చతికిలబడి ఉంది. చేతిలో కాగితం.

"తొమ్మిది గుంటలు రెండు లోపే ఉన్నాయిరా."

"ఇంకేం! పద, ఇంజినీరు మొహాన కొడదాం!"

"ఏడో గుంట మూడున్నర."

ఏడో గుంట ఏటేటా మొండికేస్తున్నా, చెట్టు ఆలస్యంగా ఎదిగింది కదా, చివరికి దిగుతుందిలే అనుకుంటూ వచ్చాం. అది మొదలైందే మూడు దగ్గర. తగ్గకపోగా పెరిగింది.

అక్క మళ్ళీ మట్టి తీసింది. అదే వచ్చింది. మూడోసారి తీసింది. అదే. గొట్టం మార్చింది, జల్లెడ మార్చింది, ల్యాబు మార్చింది. పాత పుస్తకాలన్నీ ముందేసుకుని పదేళ్ళ అంకెలూ మొదటి నుంచి చూసుకుంది. ఇంజినీరు ఆఫీసులో చెప్పాల్సిన తేదీకి ఇంక నాలుగే రోజులు మిగిలాయి. మూడో రోజు నేను వెళ్ళేసరికి ఏదో రాస్తోంది. వంగి చదివాను. 'నేను అనుసరించిన పద్ధతి ఈ నేలకు సరిపోలేదని అంగీకరిస్తున్నాను' అని ఉంది.

"ఇదేంటే!"

"మరేం రాయను? తొమ్మిది తగ్గి ఒకటి పెరిగిందంటే నాకర్థం కానిదేదో జరుగుతోంది. ఆ ఇంజినీరు అన్నట్టు వానకే దిగిపోతోందేమో. ఏడు దగ్గర నేల గట్టిగా ఉండి నిలిచిపోయిందేమో. పిల్లల్ని ఆడుకోమని ఎలా వదలను? అమ్మ మడి కదరా అది. ఆకులు పడి ఉంటే ఇలా రావాలి. కానీ ఆకులు చూసేది నువ్వు. పదేళ్ళలో నేను మళ్ళీ చూసుకోనక్కర్లేని పని అదొక్కటే."

షెడ్డు వెనక గొయ్యి గుర్తొచ్చింది. పనుందని చెప్పి బయటపడ్డాను. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

మా ఆవిడతో చెప్పాను. మొత్తం విని నా మీద అరుస్తుందనుకున్నాను, అరవలేదు. కంచం పెట్టబోతున్నదల్లా ఆగి, "తిని వెళ్ళి చెబుతావా, చెప్పొచ్చి తింటావా?" అంది.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఈ ఇంట్లో నీకు కంచం లేదు."

వెనక్కి వెళ్ళాను. అక్క అదే చోట కూర్చుని ఉంది. గుమ్మంలో నిలబడే చెప్పేశాను. మూడో ఏడాది, రెండు సంచులు, షెడ్డు వెనక గొయ్యి, అన్నీ.

అక్క చేతికందిన జల్లెడ తీసి నా మీదికి విసిరింది. నాకు తగల్లేదు, తలుపుకి తగిలింది.

"అమ్మ మడిలోనేనా రా!" అంది. "అక్కడేనా! ఆకులో మట్టికంటే పదింతలుంటుందని నీకు ఎన్నిసార్లు చెప్పాను! ఏటా దాన్ని తెచ్చి తెచ్చి అక్కడే పోశావా!"

"చెట్టు చచ్చిపోతోందే అక్కా. ఊరుకోలేకపోయాను."

అక్క ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా ఆవిడ అలా వెక్కివెక్కి ఏడవడం నేను చూడలేదు. నేనూ గుమ్మంలోనే కూలబడ్డాను. కొట్టినా పడేవాణ్ణి, నన్ను తిట్టడం కూడా ఆపేసి ఆవిడ ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియలేదు. అరవై మూడేళ్ళవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎన్ని సంచులన్నావ్?"

"ఏటా రెండు. ఏడేళ్ళు."

"ఏ వరసవి?"

"గేటు వైపువి."

"చెట్టు చుట్టూ ఎంత మేర వేశావ్?"

"మూడడుగులు. పార్కులో ఎప్పుడూ మూడడుగులే."

"ప్రతిసారీ మూడే? నాలుగు కాకుండా?"

"నేను తోటమాలినే!" అన్నాను. అంత దుఃఖంలోనూ నాకు కోపం వచ్చింది. "మూడంటే మూడే."

అక్క పుస్తకం తెరిచింది. ఏటేటా ఒక్కో వరస ఆకులో ఎంత కాడ్మియం ఉందో అందులో రాసి ఉంటుంది. పెన్సిలు తీసి గుణించింది, కూడింది, కొట్టేసింది, మళ్ళీ కూడింది. ఎండ గుమ్మంలోంచి గదిలోకి జరిగింది. చివరికి పెన్సిలు కింద పెట్టింది.

"మూడున్నర రావాలి" అంది. "నువ్వు చెప్పింది నిజమైతే ఆ మూడడుగుల్లో మూడున్నరకి కాస్త అటూ ఇటూగా రావాలి. వచ్చింది మూడున్నర."

"అంటే?"

"అంటే ఏంట్రా మొద్దూ! వానే కడిగేస్తుంటే నీ ఎరువునీ కడిగేయాలిగా! ఆకులు ఎత్తేసిన చోట తగ్గింది. ఆకులు తిరిగి వేసిన చోట పెరిగింది. అదే వాన, అదే నేల, అదే చెట్టు. పదేళ్ళుగా అతను అడుగుతున్న ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. ఆ జవాబుని నువ్వు ఏడేళ్ళుగా మట్టి కప్పి దాచావు!"

లేచి రాస్తున్న కాగితాన్ని అడ్డంగా చింపేసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు లేవడానికి.

మర్నాడు ఇంజినీరు ఆఫీసుకి ఇద్దరం వెళ్ళాం. అద్దం పరిచిన బల్ల వెనక అతను, ఎదురుగా మేం. అక్క చెబుతుందనుకున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "చెప్పు" అంది. పార్కులో నాకింత పేరుంది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆ గదిలో ఇద్దరు గుమాస్తాలు కూడా ఉన్నారు. ఎరువు వేసి నేల పాడుచేసిన తోటమాలినని నా నోటితో నేనే చెప్పాను. ఒక గుమాస్తా నవ్వాపుకోవడానికి దగ్గాడు. వాడి సంగతి తర్వాత చూద్దామనుకున్నాను.

ఇంజినీరు నవ్వలేదు. రెండు పెన్నుల్లో ఒకటి తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"మీరు చెప్పేది నిజమైతే, ఆ మూడడుగుల అవతల అదే చెట్టు కింద తగ్గి ఉండాలి కదా?"

"ఉండాలి" అంది అక్క.

"మీరు చూశారా?"

"లేదు. మీరు చూస్తుండగా తీద్దామని ఆగాను."

నేను అక్క వైపు తిరిగాను. నిన్న సాయంత్రమంతా ఆవిడకి టైముంది. గొట్టం ఉంది. వెళ్ళి తీసుకుని, మంచి అంకె వస్తేనే ఇక్కడికి రావచ్చు. ఆవిడ వెళ్ళలేదు. ఇంజినీరు కూడా అదే ఆలోచించినట్టున్నాడు, లేచి నిలబడ్డాడు. అతను ఎప్పుడూ మా కోసం లేచి నిలబడలేదు.

అప్పటికప్పుడు స్థలానికి వెళ్ళాం. ఏడో గుంట చెట్టు చుట్టూ నేనే తాడుతో మూడడుగుల గీత గీశాను. గీత లోపల ఐదు చోట్ల, బయట ఐదు చోట్ల గొట్టం దించాం. ఇంజినీరు బూట్లు విప్పేసి పొట్లాల మీద తనే సంతకాలు పెట్టాడు. బడి గంట కొట్టినట్టున్నారు, పిల్లలంతా గేటు దగ్గర మూగారు. "తాతా, ఏం దొరికింది? బంగారమా?" అని ఒక పిల్ల అడిగింది.

"నా తలకాయ దొరికింది!" అన్నాను.

వారం తర్వాత కాగితం వచ్చింది. గీత లోపల మూడున్నర. గీత బయట ఒకటి పాయింట్ తొమ్మిది.

ఇంజినీరు మా ముందే ఫైలు మీద రాశాడు. కాంక్రీటు అక్కర్లేదు, గోడ పడగొట్టొచ్చు, బడి వైపు స్థలం ఈ వేసవికే పిల్లలకి ఇవ్వొచ్చు, ఏడో గుంట చుట్టూ కంచె వేసి ఇంకో రెండేళ్ళు గడువు. రాయడం అయ్యాక పెన్ను మూత పెట్టి అక్కతో అన్నాడు. "పదేళ్ళు మిమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగి విసిగించాను. మీరు ఒక్కసారి కూడా కోప్పడలేదు."

"కోపం అంతా వీడు తీసుకున్నాడండీ, ఇంట్లో ఇంకెవరికీ మిగల్లేదు" అంది అక్క.

ఆ మూడడుగుల మట్టీ జానెడు లోతున తవ్వి పీపాల్లోకి ఎత్తాల్సి వచ్చింది. వేళ్ళు అడ్డం. చెట్టు తీసేయక తప్పదు. వేరే మనిషిని పెడతానంది అక్క. వద్దన్నాను. పెంచింది నేను, నేనే కొట్టాను. రెండు రోజులు పట్టింది. అదే చోట అక్క ఒక కొత్త పుల్ల తెచ్చి గుచ్చింది.

ఆ పుల్లకి నేనేం పెట్టలేదు. ఆకు పసుప్పచ్చబడితే అటు చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి. అదే బతికింది.

గోడ పడగొట్టారు. పిల్లలు లోపలికొచ్చిన మొదటి రోజు వాళ్ళ కేకలకి నా చెవులు చిల్లులు పడ్డాయి. అక్క మోకాళ్ళు పట్టుకుని బెంచీ మీద కూర్చుని సాయంత్రందాకా వాళ్ళనే చూసింది. మట్టి మేడమ్ అంటూ వాళ్ళ పంతులమ్మలు వచ్చి నమస్కారం పెట్టారు. వెక్కిరింతగా పెట్టిన పేరే అది. ఇప్పుడు ఆ మాట వింటే నా ఛాతీ ఉబ్బుతుంది.

రెండేళ్ళు గడిచాయి. ఈ ఏడు ఆకు పండే వేళకి నేను ఎప్పట్లాగే ఏడో గుంట కంచె లోపల వల కడుతున్నాను. అక్క కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చేతిలో కాగితం.

"అది విప్పెయ్."

"ఏం, సరిగ్గా కట్టలేదా?" అన్నాను. నాకు అప్పుడే కోపం వచ్చేసింది.

"మట్టి ఒకటిన్నర. ఆకు కూడా చూశాను. రాలినా ఫర్వాలేదు. అన్ని వరసలవీ చూశాను. ఇంక వలలు వద్దురా, విప్పెయ్. ఎక్కడ పడినవి అక్కడే ఉండనీ."

నేను కాగితం తీసుకుని రెండుసార్లు చదివాను. వల ముళ్ళు విప్పేసరికి, దాని మీద అప్పటికే పడున్న ఆకులు జలజలా నేల మీద రాలాయి. పన్నెండేళ్ళుగా కింద పడిన ఆకు కనిపిస్తే చాలు వంగి ఏరిన చేతులు. వంగబోయి ఆగాను. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఆకుల్ని రెండు చేతులతో దగ్గరికి పోగుచేసి, చిన్న చెట్టు మొదట్లోకి తోశాను. కళ్ళు మసకబారి చెట్టు సరిగ్గా కనిపించలేదు.

"మొదలుకి తగలనివ్వకురా, కుళ్ళుతుంది" అంది అక్క వెనక నుంచి. "కాస్త ఎడం ఉంచు."

ముప్ఫై ఏళ్ళు తోటపని చేసినవాడికి సీసాలు కడిగినావిడ పాఠం చెబుతోంది! తిరిగి గట్టిగా ఏదో అనబోయాను. అక్క కర్ర పక్కన పడేసి, రెండు నిమిషాలు తీసుకుని, నా పక్కన నేల మీద కూర్చుంటోంది.

చేతులు చాచి, మొదలుకి ఆనిన ఆకుల్ని వేలెడంత వెనక్కి జరిపింది. అమ్మ అలాగే జరిపేది.